ఊఁ కొట్టే కుర్చీ

ముందువెనకలు తారుమారైతే ఏమీ అనుకోవద్దు. ఈ మధ్య నాకు నిన్న జరిగింది ఎప్పుడో జరిగినట్టూ, ఎప్పుడో విన్నది నిన్న కళ్లారా చూసినట్టూ అనిపిస్తోంది. అందుకే పూర్తిగా చెదిరిపోకముందే రాసి పెడుతున్నాను. రాసిన ప్రతి వాక్యం పైకి చదువుకోవడం నాకు అలవాటు. బడికి పోయినదాన్ని కాదు, కిరాణా కొట్టు పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని. పైకి చదవకపోతే నేను రాసింది నాకే ఎక్కదు. మా మనవరాలు సింధుజ ఆసుపత్రికి నైట్ డ్యూటీకి వెళ్లింది. ఈ పరాయి దేశంలో, క్వేకర్స్ హిల్ అనే పేటలో, ఈ ఇంట్లో ఇప్పుడు నేనొక్కదాన్నే. విసుక్కునేవాళ్లు లేరు కనక గట్టిగానే చదువుకుంటాను.

ఇక్కడికి దగ్గర్లో, పారమట్టా అనే చోట, ఏటి ఒడ్డున ఒక పాత రాతి ఇల్లు ఉంది. చీకటి పడ్డాక ఆ ఇంట్లో ఎవరూ నోరు విప్పరు.

ఊరికే అనడం లేదు. అక్కడ సెక్యూరిటీ డ్యూటీ పడిన మన కుర్రాళ్లు ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని బయట కారులోనే కూర్చుంటారు. "లోపలికెళ్తే వెళ్లరా... మాట్లాడకు" అని ఒకడికొకడు చెప్పుకుంటారు.

గోడలకి రంగులేసే ఒకాయన పాట పాడుకుంటూ రాత్రి దాకా పనిచేశాడట. తెల్లారి చూస్తే నిచ్చెన మీదే కూర్చుని ఉన్నాడు. బ్రష్షు చేతిలోనే ఉంది. రంగు ఎండిపోయింది. ఆ పాట మాత్రం పోయింది. తరవాతెప్పుడో రేడియోలో అదే పాట వస్తే, "బాగుందే, కొత్తదా?" అన్నాడట.

ఇంకొకావిడ... ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు. పెద్ద గదిలో నించుని మొగుడితో ఫోన్లో పోట్లాడింది. పెళ్లినాటి నుంచీ ఉన్న గొడవలన్నీ ఏకరువు పెట్టింది. ఇంటికెళ్లేసరికి గొడవా లేదు, పెళ్లీ లేదు. తలుపు తీసినాయన్ని ఎగాదిగా చూసి, "ఈ ఇల్లు అమ్మకానికేనా అండీ?" అని అడిగింది.

నిజమో అబద్ధమో నాకు తెలీదు. చెప్పినవాళ్లు చెప్పారు.

ఆ ఇల్లు కట్టించింది ఒక ఫ్రెంచి డాక్టరు. వాళ్ల దేశం నుంచి ఓడలో రెండే తెచ్చుకున్నాడు. ఏడు పాత పుస్తకాలు, వీపు ఆనే చెక్క ఎత్తుగా ఉన్న కుర్చీ ఒకటి. పుస్తకాలు రాసింది ఎతియెన్ మార్వాల్. కుర్చీ కూడా ఆ మార్వాల్‌దేనని డాక్టరు చెప్పుకునేవాడట. అవి ఇప్పటికీ ఆ ఇంటి పెద్ద గదిలోనే ఉన్నాయి.

మార్వాల్ నాలుగు వందల ఏళ్ల కిందటి చరిత్రకారుడు. వాల్‌మోర్ అనే ఊళ్లో తోళ్ల పనివాడి కొడుకు. అతను పుట్టకముందు ఆ ఊరివాళ్లు మతం పేరు చెప్పి ఒకళ్లనొకళ్లు నరుక్కున్నారు. దేవుడొక్కడే, దణ్ణం పెట్టే తీరే వేరు. దానికే పక్కింటివాణ్ణి పక్కింటివాడు బావిలోకి తోశాడు. అంతా అయ్యాక రాజుగారు ఆజ్ఞ వేశారు. జరిగింది జరగనట్టే. ఎవరూ తలుచుకోకూడదు. ఎవరూ ఎత్తిపొడవకూడదు. నోరెత్తితే శిక్ష.

ఆజ్ఞ వేస్తే మరుపు వస్తుందా? ముసలాళ్లకి రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు.

అప్పుడు మార్వాల్ వచ్చేవాడు. నల్ల అంగీ, చేతిలో కొవ్వొత్తి. ఎదురుగా కూర్చునేవాడు. చెప్పమనేవాడు కాదు, అడిగేవాడు కాదు. వాళ్లే ఉండబట్టలేక ఒక మాట అనేవాళ్లు. అంటే అతను...

ఊఁ.

అంతే. మన ఇళ్లలో కథకి పిల్లలు ఊఁ కొట్టినట్టు. ఆ ఊఁకి ముసలాళ్లు కడుపులో ఉన్నదంతా కక్కేసేవారు. తెల్లారేసరికి వాళ్లకి ఏదీ మిగిలేది కాదు. తన మొగుణ్ణి నరికినవాడు సంతలో ఎదురైతే, వెల్లుల్లి ఎంతకి కొన్నావని పలకరించిన ముసలమ్మ ఉందట.

అలా రాశాడు ఏడు సంపుటాల వాల్‌మోర్ చరిత్ర. చదువుతుంటే చచ్చినవాళ్లు చెవిలో మాట్లాడుతున్నట్టు ఉంటుందట. రాజుగారు కోప్పడ్డారా? లేదు. ఆస్థానంలో ఉద్యోగం ఇచ్చారు. ఊరంతా మరిచిపోవాలన్నదే కదా ఆయన కోరిక! పుస్తకాలు పెట్టెలో పెట్టించి తాళం వేయించారు.

కీళ్ల జబ్బుతో కదల్లేని రోజుల్లో మార్వాల్ తన నల్ల అంగీని నౌకరుకిచ్చి పంపేవాడట. "ఎదురుగా కుర్చీ మీద పరచు. దానికి చెప్పమను." అవతల అంగీకి చెప్పింది, ఇవతల మంచం మీదున్న మనిషికి తెల్లారేసరికి చేరిపోయేది.

చివరికి? అంతమంది బతుకులు నెత్తిన పెట్టుకున్నాక తన బతుకేదో తనకి తెలియలేదు. పోయేముందు రాత్రంతా తల్లిని పిలిచాడు. ఊళ్లో ఉన్న తల్లుల పేర్లన్నీ పిలిచాడు... సొంత తల్లి పేరు ఒక్కటే రాలేదు. పాదిరీ వచ్చి నీ పేరేమిటి నాయనా అంటే, అడిగినప్పుడల్లా ఒకటి చెప్పాడట.

ఇవన్నీ నాకు కౌసల్య చెప్పింది. మా వీధి చివరి ఇల్లే ఆమెది. ఆమెకి ఆమె భర్త ఉమామహేశ్వరరావు గారు చెప్పారు. రాజమండ్రి మనిషి. చదువుకోవడానికి ఈ దేశం వచ్చి, యూనివర్సిటీలో చరిత్ర పాఠాలు చెబుతూ ఇక్కడే ఉండిపోయారు. పాత ఫ్రెంచి నేర్చుకుని ఆ ఏడు సంపుటాలూ అక్షరం అక్షరం చదివిన మనిషి ఈ దేశంలో ఆయనొక్కరే. పుస్తకం రాయండీ అంటే, "ఇంకా చదవాల్సింది ఉంది కౌసల్యా" అనేవారు. అలా అంటూ అంటూ ఉండగానే మరుపు వచ్చింది. మొదట కళ్లజోడు. తరవాత ఇంటి దారి. ఆ తరవాత... ఒకరోజు కాఫీ తెచ్చిన కౌసల్యని చూసి, "మీరు ఎవరి తాలూకు అమ్మా?" అన్నారు.

అన్నీ పోయినా మార్వాల్ పోలేదు. పొద్దు వాలే వేళ ఒక గంటసేపు తెర తొలగినట్టయ్యేది. ఆ గంట మార్వాల్ గురించి మాట్లాడేవారు.

ఆ గంటకే వచ్చేది కిరణ్మయి.

ఆయన దగ్గర చదువుకున్న పిల్ల. తునిలో పుట్టింది. తండ్రి లేడు, తల్లి జాకెట్లు కుట్టి చదివించింది. ఆ యూనివర్సిటీలోనే పాఠాలు చెబుతుంది గానీ అది నిలకడ ఉద్యోగం కాదు. ఏడాది ఏడాదికీ, ఉంచుతారా తీస్తారా అని ఎదురుచూపులు. మొగుడు జయంత్ పారమట్టాలో కంప్యూటర్ ఉద్యోగం. శ్రీలేఖ అని ఆరేళ్ల కూతురు. ఒక పర్మనెంట్ పోస్టు ఖాళీ అయింది. మార్వాల్ మీద పుస్తకం ఉంటే అది తనది. లేకపోతే ఇక ఆ గుమ్మం తొక్కక్కర్లేదు. పాపం, ఆమెకీ ప్రాణం మీదకి వచ్చిన పనే అది.

క్యారేజీలో పప్పుచారు పోసుకొచ్చేది. ఆయన ఎదురుగా పీట వేసుకుని, ఫోన్లో రికార్డింగ్ పెట్టుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని...

"ఊఁ... తరవాత, మాస్టారూ?"

ఆయన చెప్పేవారు. కౌసల్య గుమ్మంలో నించుని సంతోషపడేది. ఆయన చేత మాట్లాడించే మనిషి ఒకరున్నారు కదా అని.

పుస్తకం వచ్చింది. కౌసల్య మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగేసింది. ఆయన పేరు ఎక్కడా లేదు. వెనక కృతజ్ఞతల్లో కుక్కపిల్ల పేరు కూడా ఉంది... ఆయనది లేదు.

పుస్తకానికి పార్టీ ఇచ్చిన రోజున ఒక పెద్దమనిషి కిరణ్మయిని అడిగాడు, ప్రొఫెసర్ రావు కూడా దీని మీద పని చేశారు కదా అని.

"సర్‌కి మతి పోయి చాలా కాలమైందండీ, పాపం," అంది కిరణ్మయి. "ఆయన చెప్పేది ఏదీ నమ్మడానికి లేదు. మొదటి నుంచీ అంతా నేనే చేసుకోవాల్సొచ్చింది."

వెనకే పులిహోర ప్లేటు పట్టుకుని కౌసల్య ఉంది. కిరణ్మయి చూడలేదు.

మర్నాడు ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చింది. కౌసల్య కూడా ఏమీ ఎరగనట్టే కాఫీ ఇచ్చింది.

"నల్ల అంగీ సంగతి రాయలేదేం తల్లీ?"

"అది గిట్టనివాళ్లు పుట్టించిన పుకారు ఆంటీ. హిస్టరీలో అలాంటివి పెడితే నవ్వుతారు. కొట్టేశాను."

"కొట్టేశావా... మంచి పని చేశావు."

ఆ రాతి ఇంట్లోనే కిరణ్మయి ఉపన్యాసం పెట్టారు. ఆ ఏడు పుస్తకాల ముందు, ఉద్యోగం ఇచ్చే పెద్దలందరి ముందు. అది బాగా చెబితే పోస్టు వచ్చినట్టే. ముందు రోజు సాయంత్రం కౌసల్య ఆమెకి ఒక పొట్లం ఇచ్చింది. విప్పితే జరీ శాలువా. ఎప్పుడో ఇక్కడి తెలుగువాళ్లు ఉమామహేశ్వరరావు గారికి సన్మానం చేసి కప్పినది. నిన్నటిదాకా ఆయన భుజం మీదే ఉంది.

"లెక్చర్ అంటే ముందు రాత్రి మాస్టారు ఆ పెద్ద గదిలో ఒక్కరే కూర్చుని అప్పజెప్పుకునేవారమ్మా. నువ్వూ చెయ్యి. ఆయన్ని ఎలాగూ తీసుకురాలేను. ఇది ఆ కుర్చీ మీద పరుచుకో. ఆయనే కూర్చుని వింటున్నట్టు ఉంటుంది."

కిరణ్మయి కళ్లు చెమర్చాయి. ఒక్క క్షణం నల్ల అంగీ గుర్తొచ్చింది... నవ్వొచ్చింది. ఆంటీ ఒట్టి పిచ్చి మాలోకం అనుకుంది.

సింధు వచ్చేసినట్టుంది. తలుపు చప్పుడు వినపడలేదు గానీ, పక్క గదిలోంచి ఊఁ కొడుతోంది. మంచిది. ఇక్కడ నుంచి ఒక్కదాన్నే చదువుకోవాలంటే నాకూ కొంచెం... సరే, వినవే.

ఆ రాత్రి కిరణ్మయి తాళం తీసుకుని లోపలికి వెళ్లింది.

గదిలో లైట్లు మనిషి కదిలితేనే వెలుగుతాయి. కదలకపోతే కాసేపటికి వాటంతట అవే ఆరిపోతాయి. పాత కాగితాల వాసన. బయట చెట్ల మీద గబ్బిలాల కీచులాట. మూలన ఒక మిషన్... పుస్తకాలకి చెమ్మ పట్టకుండా గాలిలో తేమ లాగేది. దాని మీద చిన్న పచ్చ దీపం.

శాలువా కుర్చీ మీద పరిచింది. ఎదురుగా నించుంది.

"గుడ్ ఈవెనింగ్ ఎవ్రీవన్..."

బాగానే సాగింది. మార్వాల్ పుట్టుక. తోళ్ల పని. బావిలోకి తోసిన మనుషులు. రాజుగారి ఆజ్ఞ. ఆ మాట దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

ఊఁ.

అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. మూలన పచ్చ దీపం... మిషను! ఆమెకి నవ్వొచ్చింది. తనని తానే తిట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది.

వాక్యం ముగిసింది.

ఊఁ.

ఇంకో వాక్యం.

ఊఁ.

మిషన్ అయితే మధ్యలో అనాలి. ఇది మధ్యలో అనడం లేదు. సరిగ్గా ఎక్కడ అనాలో అక్కడే అంటోంది.

ఈ దేశం వాళ్లయితే ఆ పాటికి కారు తాళాలు పట్టుకుని పరిగెత్తేవాళ్లు. మనవాళ్లకి ఆ తెలివి లేదు. పుట్టిన దగ్గర నుంచీ కథా, ఊఁ... కథా, ఊఁ... ఇలాగే కదా పెరిగాం. ఎదుటివాళ్లు ఊఁ అంటూ ఉంటే కథ మధ్యలో వదిలేసి లేచిపోవడం మన ఒంట్లో లేదు. భయం వేస్తూనే ఉంది... నోరు మాత్రం ఆగలేదు.

ఎప్పుడు తెలుగులోకి దిగిందో ఆమెకే తెలీదు.

"ఇదంతా మాస్టారు చెప్పిందే."

ఊఁ.

"ఆయన పేరు పెడితే, నన్ను ఆయన నీడంటారు గానీ ఉద్యోగం ఇవ్వరు."

ఊఁ.

"మతి పోయిందని అందరికీ చెప్పింది నేనే. పూర్తిగా పోకముందే చెప్పాను. ఆయన సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెబుతుంటే... కాదు మాస్టారూ, మీరు పొరపాటు పడుతున్నారు అనేదాన్ని. ఆయన బెదిరిపోయి నా మొహం చూసేవారు. అవునా అమ్మా... పొరపాటా... అనేవారు."

ఊఁ.

లైట్లు ఆరిపోయాయి.

చెయ్యి ఊపితే వెలుగుతాయి. ఊపలేదు. ఎందుకంటే ఆ ఊఁ ఆమెకి తెలిసిన ఊఁ. పెదాలు గట్టిగా బిగించి, గొంతులోంచి మాత్రమే అనే ఊఁ. ఎక్కడ విన్నది?

తుని. స్టేషన్ రోడ్డు పక్క సందు. అమ్మ విద్యావతి కుట్టుమిషను. మిషను కింద గుడ్డముక్కలు ఏరుకుంటూ తను. బడి కబుర్లన్నీ అక్కడ కూర్చునే చెప్పేది. అమ్మ మాట్లాడడానికి లేదు... నోట్లో వరసగా గుండుసూదులు బిగించి ఉంటాయి. అందుకే అన్నిటికీ ఒకటే.

ఊఁ.

కిరణ్మయి నేల మీద కూర్చుండిపోయింది. చీకట్లో కుర్చీ వైపు మొహం పెట్టి, చిన్నపిల్లలా మొదలుపెట్టింది. పలక పగిలితే అమ్మ గుడ్డ పీలికతో కట్టిచ్చిన సంగతి. వానలో తడిసొస్తే, ఎవరివో కొత్త జాకెట్టు గుడ్డలతోనే తల తుడిచిన సంగతి. ఒక్కొక్క సూదీ నోట్లోంచి తీసి బట్టకి గుచ్చుతుంటే, చివరి సూది కోసం తను కాచుకుని ఉండడం... చివరిది తీశాకే అమ్మ మాట్లాడుతుంది కనక. "ఇప్పుడు చెప్పవే, ఏమైందీ?" అంటుంది కనక.

ఊఁ.

"అమ్మ పోయినప్పుడు నేనిక్కడ పెట్రోల్ బంకులో డ్యూటీలో ఉన్నాను. ఫోన్లో చూపించారు. అమ్మా, అమ్మా అని పిలిచాను. నోట్లో గుండుసూదులు లేవు... అయినా ఊఁ అనలేదు."

బయట గబ్బిలాలు కూడా ఆగిపోయాయి.

తరవాత... మెల్లగా, చాలా దగ్గరగా...

ఊఁ.

"నాకూ ఒక కూతురుంది—"

ఫోన్ వెలిగింది. జయంత్. తెర మీద శ్రీలేఖ బొమ్మ. కిరణ్మయి ఉలిక్కిపడి లేచింది. లైట్లన్నీ భగ్గుమన్నాయి. కుర్చీ మీద పరిచిన శాలువా... పరిచినట్టు లేదు. భుజాల దగ్గర ఎత్తుగా ఉంది. లైటు నీడేమో.

మర్నాడు సాయంత్రం గది నిండా జనం. మొదటి వరసలో ఉద్యోగం ఇచ్చే పెద్దలు. చివరి వరసలో కౌసల్య.

కిరణ్మయి లేచి తెర వైపు చూసింది. తెర మీద పెద్ద అక్షరాలతో ఒక పేరు ఉంది.

"ఎతియెన్ మార్వాల్," అని చదివింది. జనం వైపు తిరిగింది. "ఈయన... ఎవరు?"

అందరూ నవ్వారు. ఉపన్యాసాన్ని భలే ఎత్తుకుంది అనుకున్నారు.

ఆమె జవాబు కోసం చూస్తోంది.

నవ్వు ముందు వరసలోంచి మొదలుపెట్టి వెనక్కి ఆరిపోతూ వచ్చింది. ఒకాయన గొంతు సవరించుకున్నాడు. ఒకావిడ కళ్లజోడు తుడుచుకుంది. జయంత్ వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "కిరణ్... కిరణ్, ఏమైంది? నీళ్లు తాగు." ఆమె మొగుణ్ణి గుర్తుపట్టింది. కూతుర్ని గుర్తుపట్టింది. తన పుస్తకం అట్ట చేత్తో తడిమి, ఎవరిదో తీసుకున్నట్టు మర్యాదగా బల్ల మీద పెట్టేసింది.

ఉద్యోగం వేరేవాళ్లకి పోయింది.

ఆసుపత్రిలో స్కాన్లన్నీ తీశారు. మెదడులో ఏమీ లేదన్నారు. నిద్ర లేక, ఒత్తిడికి, కొందరికి అలా అవుతుందన్నారు. జయంత్ కూడా నాతో అదే అన్నాడు. "ఆ గదిలో తేమ లాగే మిషన్ ఉంటుందండీ ఆంటీ, అది అప్పుడప్పుడూ అలా మూలుగుతుంది. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు." కుర్రాడు చదువుకున్నవాడు. అందరం అవునన్నాం.

ఇంటికొచ్చిన వారానికో ఏమో, కిరణ్మయి హాల్లో గోడ ముందు నించుని ఉందట. గోడ మీద దండ వేసిన ఫోటో. తల్లిది.

"శ్రీలేఖా, ఈవిడెవరే?"

"దట్స్ అమ్మమ్మ, మమ్. యూ టోల్డ్ మీ."

"ఎవరి అమ్మ?"

పిల్ల తండ్రి వెనక దాక్కుందట.

ఇక కౌసల్య సంగతి. కావాలనే చేసింది. నాతో తనే చెప్పింది, కంట తడి కూడా పెట్టకుండా. "నా మనిషిని దోచుకుంది వదినా. దోచుకున్నది తిరిగి పెట్టమన్నాను. తప్పా?"

కిరణ్మయి ఆ గదిలో కూర్చున్న రాత్రి తెల్లారేసరికి ఉమామహేశ్వరరావు గారు మంచం మీద లేచి కూర్చుని ఉన్నారట. కళ్లు మెరుస్తున్నాయి. గడగడా మార్వాల్ గురించి ఇంగ్లీషులో చెబుతున్నారు. తడుముకోవడం లేదు. కౌసల్య పళ్లెంలో కర్పూరం వెలిగించింది. తిరిగొచ్చారు, నా మనిషి నాకు తిరిగొచ్చారు అనుకుంది. సాయంత్రం పట్టుచీర కట్టుకుని ఉపన్యాసానికి వెళ్లింది. వెనక వరసలో కూర్చుని తనివితీరా చూసింది.

రాత్రి ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా ఆయన పక్కన కూర్చుంది.

"ఏమండీ... ఆ పిల్ల నోట ఒక్క ముక్క రాలేదు. మీ నలభై ఏళ్ల కష్టం మీకొచ్చేసింది."

ఆయన ఆమె వైపు తిరిగారు. కిరణ్మయి తిరిగినట్టే, తల కొంచెం వాల్చి.

"నాది కాదండీ ఆంటీ," అన్నారు.

కౌసల్య ఆయన భుజం పట్టుకుంది.

"అదంతా ఎవరో ముసలాయన చెప్పాడు. రావుగారని. మతి పోయింది పాపం. ఆయన చెప్పేది ఏదీ నమ్మడానికి లేదు."

"ఏమండీ! మీరే... మీరే కదండీ రావుగారు..."

ఆయన బెదిరిపోయి ఆమె మొహం చూశారు. "అవునా... పొరపాటా..." అన్నారు. చేతులు చూసుకున్నారు. ముడతలు పడ్డ ఆ చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నారు. తరవాత గొంతు తగ్గించి, గుమ్మం వైపు చూస్తూ, రహస్యంగా అడిగారు.

"ఆంటీ... మా అమ్మ నోట్లోంచి గుండుసూదులు తీసిందా?"

ఆయన తల్లి రాజమండ్రిలో పెద్ద ఇంటి ఇల్లాలు. జన్మలో సూది పట్టి ఎరగదు.

ఆ గదిలో ఏం జరిగిందో, ఎవరు ఏమన్నారో, లైట్లు ఎప్పుడు ఆరాయో... నాకెలా తెలుసని అడుగుతారేమో. కిరణ్మయికి ఏదీ గుర్తులేదు. చెప్పింది ఆయనే. "నేనక్కడే ఉన్నాను కదా ఆంటీ... కుర్చీలో" అన్నారట. ఆ శాలువా ఇంక ఇంట్లో ఉంచుకోలేక కౌసల్య నాకిచ్చేసింది, పక్క గదిలో కుర్చీ మీద పడేశాను.

విద్యావతి అనే ఆవిడ కోసం ఏడ్చే మనిషి ఇప్పుడు లోకంలో ఆయనొక్కరే. అన్నం పెడితే తినరు. అమ్మ రావాలంటారు. అలా ఎండిపోతూ ఉంటే చూడలేక, ఒకరోజు కౌసల్య దుకాణానికి వెళ్లి గుండుసూదుల డబ్బా కొనుక్కొచ్చింది. మొన్న నేను వెళ్లేసరికి వాళ్లు భోజనం దగ్గర ఉన్నారు. కౌసల్య పెదాల మధ్య సూదులు వరసగా బిగించి ఉన్నాయి. కింది పెదవి చిట్లి నెత్తురు చారిక కట్టింది. ఆయన పలక పగిలిన కబురు చెబుతున్నారు. ముద్ద కలిపి నోట్లో పెడుతూ ఆమె ఊఁ అంటోంది. ఊఁ అంటేనే మింగుతారు. నన్ను చూసి కళ్లతోనే కూర్చోమంది. చివరి సూది తీస్తుందని, ఇప్పుడు చెప్పు నాన్నా అంటుందని ఆయన కాచుకుని ఉన్నారు. తీసిందంటే అది విద్యావతి గొంతు కాదని తెలిసిపోతుంది. అందుకని అన్నం అయ్యేదాకా తియ్యదు.

ఇంతే కథ. పైకి చదివి చదివి గొంతు ఎండిపోయింది.

సింధూ, పేర్లన్నీ ఒకసారి సరిచూడమ్మా. ఆ ఫ్రెంచి ఊరు వాల్‌మోరేనా? కౌసల్య మొగుడి పేరు పైన రాశాను, ఇప్పుడు చూసుకుంటే ఎవరో కొత్తవాళ్ల పేరులా ఉంది. ఇదేమిటీ, ఫోన్లో మెసేజ్... "అమ్మమ్మా, ట్రైన్ లేటు, ఇంకా స్టేషన్లోనే ఉన్నాను." పక్క గదిలో కూర్చుని ఇదేం వేళాకోళమే? లేచి రా. కథ కింద మీ అమ్మకి అంకితం అని రాద్దామనుకున్నాను. కన్న కూతురి పేరు, నేను పెట్టిందే... నోటి చివర దాకా వస్తోంది, రావడం లేదు. మీ అమ్మ పేరేమిటే?

ఊఁ అంటావేం? పేరు చెప్పమంటుంటే.